ఐరన్ మెయిడెన్ పాటల్లో నా వరుస: పైచోటు పదమూడు నిమిషాల సముద్ర కథకే

ఐరన్ మెయిడెన్ అనే బ్రిటిష్ హెవీ మెటల్ (గిటార్లు హోరెత్తే రాక్ సంగీతం) బ్యాండ్ పాటల్లో గొప్పవి ఏవి, వరుసలో పెడితే ఏది ముందు వస్తుంది, కొత్తగా వినేవాళ్లు దేనితో మొదలుపెట్టాలి అని అడిగారు. సూటిగా చెప్పేస్తాను. నాకు మొదటిది ‘రైమ్ ఆఫ్ ది ఏన్షియంట్ మారినర్’. రెండోది ‘హాలోడ్ బీ దై నేమ్’. మూడోది ‘పాషెండేల్’. ఆ తర్వాత ‘ఎంపైర్ ఆఫ్ ది క్లౌడ్స్’, ‘ది ట్రూపర్’, ‘ఫియర్ ఆఫ్ ది డార్క్’. మెటల్ అభిమానుల్లో చాలామంది ‘హాలోడ్’ని నెత్తిన పెట్టుకుంటారు. వాళ్లతో నాకు పెద్ద పేచీ లేదు. కానీ నా వరుస ఇలా ఎందుకుందో చెప్పాలంటే మాది ఏ ఊరో కూడా చెప్పాలి.

మాది నల్గొండ జిల్లా, మర్రిగూడ వైపు పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ఇంజినీరింగ్ చదవడానికి హైదరాబాద్ వచ్చాక హాస్టల్ రూమ్మేట్ దగ్గరున్న ఒక ఎంపీత్రీ సీడీలో ఈ బ్యాండ్ దొరికింది. గిటార్లు మొదటి రోజే పట్టేసుకున్నాయి, మాటలు మాత్రం ఒక్కటీ అందలేదు. నెట్ సెంటర్‌లో లిరిక్స్ ప్రింట్ తీసుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని, లైను పక్కన లైను పెన్సిల్‌తో తెలుగులో రాసుకుంటూ చదివాను. అప్పుడు తెలిసింది, వీళ్లు పాటలో కథ చెబుతున్నారని. ఉరికంబం ఎక్కబోయే ఖైదీ కథ, యుద్ధంలో గుర్రం మీద దూసుకెళ్లే సిపాయి కథ, శాపం తగిలిన నావికుడి కథ.

కథను పాటగా వినడం మాకు కొత్తేమీ కాదు. మా ఊళ్లో పట్నం (దేవుడి పేరిట నేల మీద రంగుల ముగ్గు) వేసిన రాత్రి ఒగ్గు కథ మొదలైతే తెల్లవారేదాకా సాగేది. కథకుడు బీరప్ప కథో ఎల్లమ్మ కథో చెబుతూ చెబుతూ సరిగ్గా గుండె బిగబట్టే చోట మాట ఆపేస్తాడు. అక్కడ డోలు అందుకుంటుంది. మాట చెప్పలేనిది దెబ్బ చెబుతుంది. మెయిడెన్ పొడవాటి పాటల్లో నాకు వినిపించింది అదే పద్ధతి. అందుకే నా కొలత ఒక్కటే: పాటలో కథ ఉండాలి, ఆ కథను గొంతు ఎంత మోస్తుందో వాయిద్యం కూడా అంతే మోయాలి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఈ బ్యాండ్‌ని 1975లో తూర్పు లండన్‌లో స్టీవ్ హారిస్ అనే బేస్ గిటారిస్టు (లోతైన స్వరం పలికే గిటార్ వాయించేవాడు) పెట్టాడు. పాటల్లో ఎక్కువ భాగం ఆయన రాసినవే. మొదటి రెండు ఆల్బమ్‌లకు గాయకుడు పాల్ డియానో. 1981లో బ్రూస్ డికిన్సన్ వచ్చాడు, 1982లో వచ్చిన ‘ది నంబర్ ఆఫ్ ది బీస్ట్’ ఆల్బమ్‌తో బ్యాండ్ జాతకం మారిపోయింది.

ఇక ‘రైమ్’. 1984 నాటి ‘పవర్‌స్లేవ్’ ఆల్బమ్‌లో చివరి పాట, పదమూడు నిమిషాల పైచిలుకు. శామ్యూల్ టేలర్ కోల్‌రిడ్జ్ రాసి 1798లో అచ్చయిన కవిత దీనికి ఆధారం. పెళ్లికి పోతున్న ఒక మనిషిని ఆపి ముసలి నావికుడు తన కథ చెప్పడం మొదలుపెడతాడు. ఓడకు మేలు చేస్తూ వచ్చిన ఆల్బట్రాస్ పక్షిని తాను ఊరికే చంపేశాడు. గాలి ఆగిపోయింది, ఓడ నడిసముద్రంలో నిలిచిపోయింది. తోటివాళ్లు చచ్చిన పక్షిని అతని మెడకే వేలాడదీశారు. చుట్టూ నీళ్లే, తాగడానికి చుక్క లేదు.

ఆ చోట నాకు ఊపిరి ఆగిపోయింది. మా ఊళ్లో బోరు కొడితే నీళ్లు పడేవి, తేటగా కనిపించేవి, కానీ అవి తాగకూడని నీళ్లు. ఫ్లోరైడ్. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం అంటారు, మా వైపు బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. గారపట్టిన పళ్లు, వంకర తిరిగిన కాళ్లు, నలభై ఏళ్లకే వంగిపోయిన నడుములు చూస్తూ పెరిగాం. పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అని మా జిల్లా పేరే పెట్టారు. తాగునీటి పథకం మిషన్ భగీరథ పైలాన్ (స్తూపం) చౌటుప్పల్‌లో కట్టారంటే దానికి కారణం ఈ బాధే. ఆ కవి ఎప్పుడూ చూడని మా ఊరి సంగతి రెండు వందల ఏళ్ల కిందట ఒక్క వాక్యంలో ఎలా రాశాడో అనిపించింది. నా ప్రింట్ కాగితం మీద ఆ లైను కింద పెన్సిల్ గీత రెండుసార్లు పడింది.

నా కథ పక్కన పెట్టినా పాటగా కూడా ఇది మొదటి స్థానానికి తగినదే. మొదటి అయిదు నిమిషాలు ఒకే పరుగు, కథ గబగబా సాగుతుంది. తర్వాత అంతా ఒక్కసారి ఆగిపోతుంది. డ్రమ్స్ లేవు, పెద్ద గిటార్లు లేవు. కింద బేస్ మెల్లగా నడుస్తుంటుంది, ఓడ చెక్కలు కిర్రుమంటుంటాయి, కోల్‌రిడ్జ్ పంక్తులు మాటగా వినిపిస్తాయి: రెండు వందల మంది ఒకరి తర్వాత ఒకరు కూలిపోవడం, ప్రతివాడూ కళ్లతో శపించడం. ఓడ కదలనప్పుడు పాట కూడా కదలదు. ఆ తర్వాత బేస్ మళ్లీ కొంచెం కొంచెంగా పుంజుకుంటుంది, డికిన్సన్ గొంతు పైకి లేచి కేక పెడుతుంది, అందరూ ఒక్కసారిగా విరుచుకుపడతారు. శాపం వదిలిపోయి పక్షి మెడ నుంచి జారి సీసపు గుండులా సముద్రంలోకి దిగిపోయే ఘట్టం అది. ఈ మధ్య భాగాన్ని ఫోన్ స్పీకర్‌లో వింటే ఏమీ తెలియదు. దయచేసి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, వేరే పని పెట్టుకోకుండా వినండి.

‘హాలోడ్ బీ దై నేమ్’ 1982 ఆల్బమ్‌లో చివరిది, ఏడు నిమిషాలు. గంట మోగుతుంది. అయిదింటికి ఉరి. ఖైదీ గదిలో ఒంటరిగా ఉన్నాడు, మతగురువు వచ్చి చివరి ప్రార్థన చదువుతాడు, కావలివాళ్లు నడిపించుకుపోతారు. మొదట్లో డికిన్సన్ దాదాపు గొణుగుతున్నట్టు పాడతాడు. చివరి మాటను పట్టుకుని ఎంతసేపు లాగుతాడంటే, ఆ లాగుడు ఆగకముందే కింద బ్యాండ్ మొత్తం దిగిపోతుంది. ఆ తర్వాత ఖైదీ మనసులో ఒక్కో ఆలోచన: ఇది కలా, దేవుడుంటే నన్ను ఎందుకు పోనిస్తున్నాడు, ఏడవడం దేనికి, ఆత్మ చావదు కదా. మాటలు అయిపోయాక గిటార్లు ఆ నడకను ముగిస్తాయి. అతను చచ్చిపోయాడని పాట ఎక్కడా చెప్పదు, మనకు తెలిసిపోతుంది. మరి మొదటి స్థానం ఎందుకివ్వలేదంటే, ఇందులో మనిషి ఒక్కడు, దారి ఒక్కటే. ‘రైమ్’లో ఒక లోకమే ఉంది. తేడా అంతే, అది కూడా వెంట్రుకవాసి.

‘పాషెండేల్’ని జాబితాల్లో చాలామంది ఎక్కడో కింద పడేస్తారు, నాకది అన్యాయం అనిపిస్తుంది. 2003 నాటి ‘డ్యాన్స్ ఆఫ్ డెత్’ ఆల్బమ్ పాట, గిటారిస్టు ఏడ్రియన్ స్మిత్ హారిస్‌తో కలిసి రాసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1917లో బెల్జియంలో జరిగిన పోరు. వానలకు నేలంతా బురదై సైనికులు అందులోనే కూరుకుపోయి చచ్చిపోయిన చోటు. పాట మొదట్లో సన్నగా, టెలిగ్రాఫ్ కొట్టినట్టు టిక్ టిక్‌మనే చప్పుడు ఉంటుంది, ఆ వెంటనే ఫిరంగి పేలినట్టు బ్యాండ్ మొత్తం పడుతుంది, మళ్లీ అదే సన్నటి చప్పుడు. నాకు తెలిసి యుద్ధం మీద వాళ్లు చేసిన పాటల్లో ఇంత బరువైనది ఇంకోటి లేదు. ‘ట్రూపర్’ కన్నా కూడా ఇది పైనే.

‘ఎంపైర్ ఆఫ్ ది క్లౌడ్స్’ (2015) వాళ్ల అన్ని పాటల్లోకీ పొడవైనది, పద్దెనిమిది నిమిషాలు. డికిన్సన్ ఒక్కడే రాసి, పియానో తనే వాయించాడు. 1930 అక్టోబర్‌లో ఇంగ్లండ్ నుంచి బయలుదేరిన ఆర్-101 అనే భారీ గాలిఓడ ఫ్రాన్స్‌లో బోవే దగ్గర కూలి కాలిపోయింది. ఉన్న 54 మందిలో 48 మంది చనిపోయారు. అది వస్తున్నది మన వైపే, అప్పటి ఇండియాలోని కరాచీకి. మన చరిత్ర పుస్తకాల్లో ఎక్కడా చదవని ఈ సంగతి నాకు ఒక మెటల్ పాట వల్ల తెలిసింది. డికిన్సన్ స్వయంగా పైలట్, బ్యాండ్ టూర్ విమానాన్ని తనే నడిపేవాడు. గాలిలో ఉన్నవాడి భయం ఎలా ఉంటుందో తెలిసిన మనిషి రాసిన పాట కాబట్టి ఆ వర్ణనలో పట్టు ఉంది. పాట మధ్యలో కొంచెం సాగుతుంది, అందుకే నాలుగో స్థానం. చివరి మూడు నిమిషాలు మాత్రం కదిలించి వదిలిపెడతాయి.

‘ది ట్రూపర్’ (1983) నాలుగు నిమిషాల పాట. 1854లో క్రిమియా యుద్ధంలో ఫిరంగులకు ఎదురుగా గుర్రాల మీద వెళ్లిన బ్రిటిష్ దళం కథ. హారిస్ బేస్‌ని పిక్‌తో (తీగలు మీటే చిన్న బిళ్లతో) కాకుండా వేళ్లతో వాయిస్తాడు. ఒకటి పొడవు, రెండు పొట్టి, ఒకటి పొడవు, రెండు పొట్టి, గుర్రం దౌడు తీస్తున్న లయ. చూపుడు వేలితో బల్ల మీద కొట్టి చూడండి, అర నిమిషంలో చెయ్యి నొప్పి పుడుతుంది. ఆయన రెండు గంటల షో మొత్తం ఇలాగే వాయిస్తాడు.

‘ఫియర్ ఆఫ్ ది డార్క్’ (1992) విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది: స్టూడియో రికార్డింగ్ మామూలు పాట, లైవ్‌లో అది వేరే పాట. 2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మన దేశంలో వాళ్ల మొదటి కచేరీ జరిగింది. రూమ్మేట్, నేను కాచిగూడలో రైలెక్కి వెళ్లాం. ఈ పాట మొదలవగానే గిటార్ వాయించే ట్యూన్‌ని జనం ‘ఓ ఓ ఓ’ అంటూ గొంతుతో అందుకున్నారు. నా పక్కన అస్సాం నుంచి వచ్చిన కుర్రాడు, ఇటుపక్క చెన్నై అబ్బాయి, ఒకరి మాట ఒకరికి సగమే అర్థమవుతోంది, ట్యూన్ మాత్రం ముగ్గురికీ అక్షరం పొల్లుపోకుండా వచ్చు. స్టేజీకి దూరంగా, దుమ్ములో నిలబడ్డాం. డికిన్సన్ ఒక్క లైను పాడి మైకు జనం వైపు తిప్పితే మిగతాది మేమే పాడాం. ఆ రాత్రి ‘హాలోడ్’ కూడా విన్నాను. ‘రైమ్’ వాయించలేదు, అది ఇప్పటికీ బాకీయే.

మిగతావి గబగబా చెప్తాను. 1980 నాటి మొదటి ఆల్బమ్‌లోని ‘ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా’ ఏడో స్థానం, డియానో గరుకు గొంతు దానికి సరిగ్గా సరిపోయింది. ‘వేస్టెడ్ ఇయర్స్’ (1986) ఎనిమిది. ‘సైన్ ఆఫ్ ది క్రాస్’ తొమ్మిది. అది బ్లేజ్ బేలీ గాయకుడిగా ఉన్న రోజుల్లో, 1995లో వచ్చింది. ఆ కాలాన్ని మొత్తంగా తీసిపారేసేవాళ్లు ఈ ఒక్క పాట ప్రశాంతంగా వినాలని నా కోరిక.

‘రన్ టు ది హిల్స్’, ‘ది నంబర్ ఆఫ్ ది బీస్ట్’ ఏవీ అని కామెంట్లలో అడుగుతారని తెలుసు. రెండూ మంచి పాటలే. అమెరికా మూలవాసుల మీద తెల్లవాళ్లు సాగించిన దాడిని రెండు వైపుల నుంచీ చెప్పే ‘రన్ టు ది హిల్స్’ ఆలోచన నాకు చాలా ఇష్టం. కానీ కోరస్ పదే పదే రావడంతో కథ ముందుకు కదలదు. ఇక ‘నంబర్ ఆఫ్ ది బీస్ట్’ని సైతాను పాట అని అమెరికాలో కొందరు రికార్డులు తగలబెట్టారు. మా బంధువుల్లో కూడా ‘ఇవేం దయ్యాల పాటలురా’ అన్నవాళ్లు ఉన్నారు. హారిస్‌కి వచ్చిన ఒక పీడకల నుంచి పుట్టిన పాట అది. కలలో చూసినదానికి భయపడిన మనిషి గోడు తప్ప అందులో పూజ ఏమీ లేదు.

కొత్తగా వినేవాళ్లు నా వరుసలో పైనుంచి వెళ్లకండి, పదమూడు నిమిషాల పాటతో మొదలుపెడితే సగంలో లేచిపోతారు. ముందు ‘వేస్టెడ్ ఇయర్స్’ వినండి, ట్యూన్ వెంటనే నోటికి ఎక్కుతుంది. తర్వాత ‘ట్రూపర్’. ‘ఫియర్ ఆఫ్ ది డార్క్’కి ‘రాక్ ఇన్ రియో’ లైవ్ ఆల్బమ్‌లోదే వినండి, 2001లో బ్రెజిల్ జనం పాడిన తీరు అందులో ఉంది. ఆ తర్వాత లిరిక్స్ ఎదురుగా పెట్టుకుని ‘హాలోడ్’. అది పట్టిందంటే ‘రైమ్’కి మీరు సిద్ధమైనట్టే. 1985 నాటి ‘లైవ్ ఆఫ్టర్ డెత్’లో కూడా ‘రైమ్’ ఉంది, ఆవేశం అందులో ఎక్కువ. ఓడ చెక్కల చప్పుడు, ఆ నిశ్శబ్దం కావాలంటే మాత్రం ‘పవర్‌స్లేవ్’లోదే ముందు వినండి.