లేని కుక్క కథ: మ్యూనిక్ వెళ్తున్న హారికకి పెద్దమ్మ ఉత్తరం

హారికా,

నిన్న రాత్రి తొమ్మిదిన్నరకి మీ అమ్మ ఫోన్ చేసింది. "అక్కా, అది కాన్ఫరెన్సుకి వెళ్తే వెళ్ళింది, అయ్యాక కారు అద్దెకి తీసుకుని కొండలెక్కుతుందట, నువ్వయినా చెప్పవే" అంది. సరే, చెప్తానన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం మీ పెదనాన్నతో "మన హారిక మ్యూనిక్‌లో పేపర్ చదువుతోంది, తర్వాత ఆల్ప్స్‌లో కారు నడుపుతుందట" అని రెండుసార్లు చెప్పాను. మొదటిసారి ఆయనకి వినపడిందో లేదోనని.

వెళ్ళొద్దని చెప్పడానికి రాయట్లేదు. యూనివర్సిటీ రోడ్ల మీద, ఆర్ట్స్ కాలేజీ ముందు, నీకు క్లచ్ వదలడం నేర్పింది నేనే. అలాంటిదాన్ని ఇప్పుడు వద్దంటే నాకే నవ్వొస్తుంది. కానీ నీ ప్లాను మీ అమ్మ నాకు వాట్సాప్‌లో పంపింది. శుక్రవారం ఐదింటికి కాన్ఫరెన్సు ముగింపు, ఆరింటికి కారు, రాత్రికి ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్. శనివారం గ్రాస్‌గ్లాక్నర్ కొండరోడ్డు, సాయంత్రానికి సాల్జ్‌బర్గ్. ఆదివారం పొద్దున కోనిగ్‌సే సరస్సు, మధ్యాహ్నం ఎయిర్‌పోర్టు. దీన్ని ట్రిప్పంటారా తల్లీ, కొరియర్ డెలివరీ అంటారు.

ముందు కాగితాల సంగతి. అది నీకు నాకన్నా బాగా తెలుసు కాబట్టి గబగబా చెప్పేస్తాను. ఆర్టీఏలో ఐడీపీ, అదే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్, తీసుకో, ఏడాది చెల్లుతుంది, కానీ ఒరిజినల్ లైసెన్సు పక్కన లేకపోతే దానికి విలువ లేదు. వీసాలో ఇచ్చిన రోజులు ఆ ఆదివారం దాకా ఉన్నాయో లేదో లెక్క చూసుకో. ఆఫీసు చేయించిన ఇన్సూరెన్సు కాన్ఫరెన్సు తేదీలకేనా, తర్వాతి రెండు రోజులకి కూడానా అని హెచ్‌ఆర్‌ని అడుగు. సిగ్గుపడకు. కారు అద్దెకిచ్చేవాళ్ళని రెండు మాటలు మెయిల్‌లో అడిగి జవాబు దాచుకో: ఆస్ట్రియాలోకి తీసుకెళ్ళొచ్చా, ఆటోమేటిక్ ఇస్తారా. అడక్కపోతే గేర్ల బండి చేతిలో పెడతారు. కుడి చేత్తో గేరు మార్చడం అక్కడికెళ్ళి నేర్చుకోనక్కర్లేదు.

ఆస్ట్రియా మోటర్‌వేల మీద మనలా ఫాస్టాగ్ బీప్‌మనదు. విన్యెట్ అని టోలు పాసు ఉంటుంది, సరిహద్దు దాటకముందే కొనుక్కోవాలి. గ్రాస్‌గ్లాక్నర్ రోడ్డుకి టోలు మళ్ళీ వేరు. ఆదివారం అక్కడ షాపులు మూసేస్తారు, కాబట్టి నీళ్ళూ బ్రెడ్డూ శనివారమే కొనిపెట్టుకో. కందిపొడి నేనిస్తాను.

ఇక అసలు సంగతి.

నీ చిన్నప్పుడు ఒక కథ చెప్పేదాన్ని, గుర్తుందా? 1999లో పెద్దమ్మ జర్మనీ వెళ్ళింది, కారు నడుపుతుంటే దారికి కుక్క అడ్డమొచ్చింది, పెద్దమ్మ సడెన్ బ్రేకు వేసి కాపాడింది అని. నువ్వు ప్రతిసారీ కుక్క ఏ రంగని అడిగేదానివి, నేను గోధుమరంగు అనేదాన్ని.

ఆ కుక్క లేదు హారికా.

ఆ ఏడాది సెప్టెంబరులో మ్యూనిక్‌లోనే మా కాన్ఫరెన్సు. మా ల్యాబు నుంచి నేనొక్కదాన్నే. శుక్రవారం అయిపోయింది, రాత్రి విందు పదకొండు దాకా సాగింది. మళ్ళీ జన్మలో వస్తానో రానో అని, చెన్నై నుంచి వచ్చిన ఒకావిడా నేనూ కలిసి కారు తీసుకున్నాం. ఆవిడకి డ్రైవింగ్ రాదు. మూడు గంటలు పడుకుని, తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. చీర మీద స్వెట్టరు, పర్సులో మార్కులు ఒక అరలో, షిల్లింగులు ఇంకో అరలో. మ్యూనిక్ దాటేదాకా నా అంత జాగ్రత్తగా నడిపినవాళ్ళు లేరు. ఇండికేటర్ వేద్దామంటే వైపర్ ఆడేది, అంతే. ముందు కార్లుండేవి, వాటి వెనకాలే పోయేదాన్ని.

ఆస్ట్రియాలో ఒక చిన్న ఊరు దాటాక రెండు వరసల రోడ్డు. పెట్రోలు కోసం ఆగాను. బంకు రోడ్డుకి ఎడమపక్కన ఉంది, దాటి లోపలికి వెళ్ళాను. పెట్రోలు పోసే మనిషి లేడు, మనమే పోసుకోవాలి. అప్పటిదాకా నేను పైపు పట్టుకుని ఎరగను. పోశాను, డబ్బు కట్టాను, చెయ్యి వాసన చూసుకున్నాను, ఏదో ఘనకార్యం చేసినట్టు కూర్చుని బండి తీశాను. బంకులోంచి ఎడమకి తిరగాలి. మన ఊళ్ళో ఎడమకి తిరగడమంటే ఏముంది, అంచు పట్టుకుని పోవడమే. తార్నాకలో రోజూ ఎలా తిరిగేదాన్నో అలాగే తిరిగాను. అక్కడ ఎడమ మలుపంటే ముందున్న వరస దాటి అవతలి వరసలోకి వెళ్ళాలి. చేతులకి ఆ సంగతి తెలియదు. ముందొక కారున్నా దాన్ని చూసి తెలుసుకునేదాన్ని. మంచు, ఖాళీ రోడ్డు, ఎదురుగా ఎవరూ లేరు. ఎంత హాయిగా ఉందో అనుకున్నాను కూడా. రెండు మూడు నిమిషాలు అలాగే పోయాను.

మలుపులో పాల ట్యాంకరు.

ఇద్దరం తొక్కాం బ్రేకు. ఆగేసరికి మధ్యలో రెండు బారల దూరముంది. ఇంజను ఆగిపోయింది. ఆ డ్రైవరు దిగి వచ్చాడు. పెద్ద మనిషి, మీ తాతయ్య వయసు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండేది. కిటికీ దగ్గర వంగి నా మొహం చూసి, అరచేత్తో అవతలి వరస చూపించి "రెహ్ట్స్... రెహ్ట్స్" అన్నాడు. కుడి, కుడి అని, ఎల్‌కేజీ పిల్లకి చెప్పినట్టు. నేను పక్కకి తీసేదాకా రోడ్డు మధ్యలో నిలబడ్డాడు.

పక్కసీట్లో ఆవిడ ఉలిక్కిపడి లేచి "ఏమైంది?" అంది. "కుక్క" అన్నాను. అలా పుట్టింది ఆ కుక్క. ఇంటికొచ్చి మీ పెదనాన్నకి అదే చెప్పాను. ఆయన నలుగురికి చెప్పారు, నీకు నేను చెప్పాను, ఇప్పుడు వెనక్కి తీసుకోవడానికి లేదు.

మేం ఆ రోజు ఎక్కిన గ్రాస్‌గ్లాక్నర్ రోడ్డుని 1935లో తెరిచారు. 48 కిలోమీటర్లు, 36 హెయిర్‌పిన్ మలుపులు, పైన హోఖ్‌టోర్ కనుమ దగ్గర 2,504 మీటర్ల ఎత్తు. ఇవన్నీ బోర్డుల మీదా కరపత్రంలోనూ చదివినవే. కళ్ళతో చూసింది ఒక్కటీ గుర్తులేదు. వణుకుతున్న చేతుల్లో కాగితం కప్పు మాత్రం గుర్తుంది.

తర్వాత ఒక జర్మన్ మిత్రురాలు చెప్పింది, అక్కడ ఎదురు వరసలో వచ్చేవాణ్ణి గైస్టర్‌ఫారర్ అంటారట, దెయ్యం డ్రైవరని. రేడియోలో పాట ఆపేసి మరీ ఫలానా రోడ్డు మీద దెయ్యం వస్తోందని హెచ్చరిస్తారట. మనకి రాంగ్ రూట్ అంటే యూటర్న్ దూరమైందని పోయే అడ్డదారి. వాళ్ళకి దెయ్యం.

అందుకే నా మాటల్లో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకో: నువ్వు ఏ దేశంలో ఉన్నా, అక్కడి బండే నడుపుతుంటే, రోడ్డు మధ్య గీత డ్రైవరు పక్కనుండాలి. ఇక్కడ నీ కుడి భుజం పక్కన ఉంటుంది, అక్కడ ఎడమ భుజం పక్కన. బండి తీసిన ప్రతిసారీ, హోటల్లోంచి, బంకులోంచి, ఫొటోకని ఆగిన చోటు నుంచి, "గీత నా పక్కన" అని పైకి అను. మనసులో అనుకుంటే చాలదు. పక్కవాళ్ళు నవ్వితే నవ్వనీ. ట్రాఫిక్‌లో నువ్వు తప్పు చెయ్యవు, అందరూ కలిసి నిన్ను సరిచేస్తారు. ఒంటరిగా ఉన్నప్పుడే చేతులు హైదరాబాదుకి వెళ్ళిపోతాయి. రౌండబౌట్‌లో కుడికి తిరిగి చేరాలి, ఎడమ నుంచి వచ్చేవాళ్ళకి ముందు దారివ్వాలి. బోర్డు లేని చిన్న కూడలిలో మాత్రం కుడి నుంచి వచ్చేవాళ్ళదే దారి. ట్రాఫిక్ ఆగిపోతే ఎడమ వరసవాళ్ళు ఎడమకీ మిగతావాళ్ళు కుడికీ జరిగి మధ్యలో ఆంబులెన్సుకి సందు వదులుతారు, నువ్వూ జరుగు. ఆ సందులోంచి ముందుకి దూరకు. నీకు చెప్పనక్కర్లేదు కానీ మియాపూర్ అలవాటు ఉంది కదా.

పెట్రోలు మూత లోపల స్టిక్కరుంటుంది. గుండ్రం గుర్తుంటే పెట్రోలు, చతురస్రముంటే డీజిలు. పైపు మీద కూడా అదే గుర్తు, రెండూ కలిస్తేనే పొయ్యి.

ఇక నీ ప్లాను. పెద్దమ్మ పెత్తనం చేస్తోందనుకున్నా సరే, శుక్రవారం రాత్రి బండి ఎక్కకు. నువ్వు పేపర్ చదివిన రోజు అది, ఒళ్ళు నీది కాదు. కడుపునిండా తిని పడుకో. హోటలు మాత్రం ఇవాళే బుక్ చెయ్యి. అక్టోబర్‌ఫెస్ట్ అనే బీరు జాతర పేరుకే అక్టోబరు, మొదలయ్యేది సెప్టెంబరులోనే, అప్పుడు మ్యూనిక్‌లో గది దొరకదు. ఇన్స్‌బ్రుక్ కొట్టెయ్. గ్రాస్‌గ్లాక్నర్ కూడా ఈసారికి కొట్టెయ్, దానికి ఒక రోజు మొత్తం కావాలి. కొట్టెయ్యలేనంటే, కనీసం దిగేటప్పుడు చిన్న గేరులో దిగు. శ్రీశైలం ఘాట్‌లో బ్రేకులు కాలిన వాసన నీకు గుర్తుండే ఉంటుంది.

శనివారం తొమ్మిదింటికి బయల్దేరి కోనిగ్‌సే వెళ్ళు, జర్మనీలోనే ఉంది. ఆ సరస్సులో 1909 నుంచి కరెంటు పడవలే. మధ్యలో పడవ ఆపి ట్రంపెట్ ఊదుతారు, కొండ తిరిగి పాడుతుంది. మేం ఆదివారం అక్కడికి వెళ్ళాం, అది మాత్రం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. బహుశా ఆ పడవ నేను నడపలేదు కాబట్టి. ఆ రాత్రి అక్కడే పడుకుని ఆదివారం మ్యూనిక్ వచ్చెయ్. మిగిలినవన్నీ ఇంకోసారి. నీకు ఇంకోసారి ఉంటుంది. మా రోజుల్లో ఉండదనుకుని నేను అలా పరిగెత్తాను.

రాత్రి గదికి చేరగానే ఫోన్ చెయ్యి, ఇక్కడ ఎంత రాత్రయినా సరే. మీ అమ్మకి కాదు, నాకు. దానికి నేను చెప్తాను.

ఈ ఆదివారం పొద్దున ఆరింటికి నీ కారు తీసుకుని రా. ఓఆర్‌ఆర్ ఎక్కి, ఘట్‌కేసర్ దగ్గర దిగి వరంగల్ రోడ్డు పట్టుకుందాం. బీబీనగర్ దాటాక ఒక బంకులో ఆగి బయటికొచ్చేటప్పుడు "గీత నా పక్కన" అని నువ్వు పైకి అనాలి, నేను వినాలి. మీ పెదనాన్నకి యాదగిరిగుట్ట వెళ్తున్నామని చెప్తాను. నిజంగానే వెళ్దాంలే, ఒక కుక్క చాలు.

పెద్దమ్మ