ఆ రాజీనామా ఇవ్వనివ్వకండి

ప్రశ్న: మా ఆయన జడ్పీ హైస్కూల్లో సోషల్ టీచరు. 24 ఏళ్ల సర్వీసు. రాష్ట్ర బడ్జెట్ లెక్కలు దారిలో లేవు, అసెంబ్లీకి పోయి సరిచేస్తానంటూ రాజీనామా రాసి బీరువాలో పెట్టుకున్నారు. 2029లో తిరుపతి నుంచి ఇండిపెండెంటుగా నిలబడతారట. పాప ఇంటర్, ఇంటి లోను ఇంకా పదేళ్లుంది. వద్దంటే "నీకు నా మీద నమ్మకం లేదు" అంటారు. అత్తగారు కొడుకు పక్షమే. ఏం చేయాలి?
– ఒక సోదరి, తిరుపతి

జవాబు: అమ్మా, ఆయన్ని ఆపాలా వద్దా అన్న గొడవ పక్కన పెట్టి ముందు ఆ బీరువాలో కాగితం సంగతి చూడండి. దాని మీద "రాజీనామా" అని ఉంటే చించేయమనండి. 1980 నాటి ఆంధ్రప్రదేశ్ రివైజ్డ్ పెన్షన్ రూల్స్ ప్రకారం రాజీనామా చేసినవాళ్లకు గత సర్వీసంతా పోతుంది. పెన్షనూ ఉండదు, గ్రాట్యుటీ ఉండదు. అర్హ సర్వీసు (పెన్షన్‌కు లెక్కలోకి వచ్చే సర్వీసు) 20 ఏళ్లు నిండినవాళ్లు మూడు నెలల నోటీసిచ్చి స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుంటే ఆ రెండూ నిలుస్తాయి. మీ ఆయన 2004 సెప్టెంబరుకు ముందు చేరినవారు కాబట్టి పాత పెన్షనే. సర్వీసు రిజిస్టరులో జీతం లేని సెలవులు ఎన్నున్నాయో మాత్రం చూసుకోవాలి, అవి అర్హ సర్వీసును తగ్గించే అవకాశముంది.

ఇప్పుడే దిగిపోవాల్సిన అవసరమూ లేదు. నామినేషన్ నాటికి ఉద్యోగంలో లేకపోతే చాలు. 2024లో షెడ్యూలు మార్చి 16న వచ్చింది, నామినేషన్లు ఏప్రిల్ 25తో ముగిశాయి. మధ్యలో నలభై రోజులే. షెడ్యూలు చూసి నోటీసిద్దాంలే అనుకుంటే మూడు నెలలు సరిపోవు. 2029లోనూ ఇదే సమయానికి ఎన్నికలొస్తే 2028 నవంబరులో నోటీసివ్వాలి, ఫిబ్రవరికల్లా రిలీవ్ అయిన ఉత్తర్వు చేతిలో ఉండాలి. అప్పటిదాకా జీతం వస్తుంది, పాప ఇంటర్ కూడా గట్టెక్కుతుంది.

ఈలోగా ఒక జాగ్రత్త. 1964 ప్రవర్తనా నియమావళి ప్రకారం ఉద్యోగంలో ఉన్నవాళ్లు రాజకీయాల్లో పాల్గొనకూడదు. వాట్సాప్‌లో "మీ అభ్యర్థి" అని ఫొటో పెట్టుకున్నా, వీధి మీటింగులో మైకు పట్టుకున్నా చార్జిమెమో రావచ్చు. విచారణ నడుస్తుంటే పదవీ విరమణ చిక్కులో పడుతుంది.

ఇక డబ్బు. డిపాజిట్ 10,000 రూపాయలు (ఎస్సీ, ఎస్టీలకు 5,000). చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే అది పోతుంది, పోతే పోనీండి. అసలు ముప్పు వేరే ఉంది. గ్రాట్యుటీ, పెన్షన్ కమ్యూటేషన్ డబ్బు (పెన్షన్‌లో కొంత భాగానికి బదులు ఒకేసారి ఇచ్చే మొత్తం) వచ్చే రోజులూ ప్రచారం రోజులూ ఒకటే. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. పరిమితి ఉందంటే అంత పెట్టమని కాదు. కానీ జీపులు, పాంప్లెట్లు, బూత్ ఏజెంట్ల భోజనాలు మొదలయ్యాక చెయ్యి ఆగదు. అందుకే నోటీసివ్వకముందే కాగితం మీద తేల్చుకోండి: గ్రాట్యుటీ లోనుకు, కమ్యూటేషన్ పాప చదువుకు, ఎన్నికకు ఫలానా మొత్తం, దాని మీద పైసా లేదు. పెన్షన్ ఎంతైనా చివరి మూలవేతనంలో సగం దాటదు. దానికి కరువు భృతి కలిపి ఈఎంఐ తీసేస్తే మిగిలేదెంతో ఆయన్నే లెక్క కట్టమనండి, బడ్జెట్ ఆయన సబ్జెక్టే కదా. మీ పుట్టింటి పొలం తాకట్టుకు, చీటీ పాటకు సంతకం మాత్రం పెట్టకండి.

మీ పేరూ ఇందులో ఉంటుందని తెలుసా? నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో భార్య బంగారం, భూమి, అప్పులు, పాన్, ఐదేళ్ల ఐటీ రిటర్నుల వివరాలు రాయాలి. అది వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తుంది. గడి ఖాళీగా వదిలితే నామినేషన్ తిరస్కరించవచ్చు. ఏమీ లేకపోతే "లేదు" అని రాయాలి. ఇండిపెండెంటుకు ఆ నియోజకవర్గంలోనే ఓటున్న పదిమంది ప్రతిపాదకులు కావాలి. ఎన్నిక ఖర్చుకు నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందే వేరే బ్యాంకు ఖాతా తెరవాలి. ఫలితం వచ్చిన 30 రోజుల్లో ఖర్చుల లెక్క ఇవ్వాలి. ఓడిపోయాం కదా అని వదిలేస్తే మూడేళ్ల అనర్హత పడవచ్చు.

ఆయన ఆశయం గురించి కూడా ఒక మాట. 175 మందిలో ఒక్కరు బడ్జెట్ మార్చలేరు. ఆర్థిక బిల్లుకు గవర్నరు సిఫారసు కావాలి. ఒక సభ్యుడు చేయగలిగినవి కోత తీర్మానాలు (ఫలానా ఖర్చు తగ్గించమని పెట్టే తీర్మానాలు), ప్రశ్నలు, అవకాశమొస్తే ప్రభుత్వ ఖర్చుల లెక్కలు పరిశీలించే ప్రజాపద్దుల కమిటీ. ఇవి చాలని ఆయనకు అనిపిస్తే వెళ్లనీండి, అది చిన్న పనేం కాదు. ఇంకో దారీ ఉంది. ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు ఉపాధ్యాయ ఎమ్మెల్సీ స్థానానికి 2023 మార్చిలో ఎన్నిక జరిగింది. పదవీకాలం ఆరేళ్లు కాబట్టి అదీ 2029 మొదట్లోనే వస్తుంది. ఓటర్లు హైస్కూలు, ఆపై స్థాయి టీచర్లే. బకాయిలు, బిల్లుల బాధ వాళ్లకు వివరించి చెప్పనక్కర్లేదు. దానికైతే నోటీసు ఇంకా ముందు ఇవ్వాలి.

ఈ మాటలు అత్తగారి ముందు ఎత్తకండి. తల్లి ఎదుట ఏ కొడుకూ తగ్గడు. భోజనాలయ్యాక సర్వీసు రిజిస్టరు నకలు, లోను స్టేట్‌మెంటు ఆయన ముందు పెట్టి, "మీరు వెళ్లండి, ఏ నెలలో, ఏ కాగితంతో వెళ్తారో ఇద్దరం కలిసి రాసుకుందాం" అనండి.