టెక్ సందేహాలు: వేళ్లకు నీళ్లలా తగిలే ఆయిల్

ప్రశ్న: రెండేళ్ల క్రితం హైబ్రిడ్ కారు కొన్నాను. ఆయిల్ మూత మీద 0డబ్ల్యూ-16 అని ఉంది. మా వీధి మెకానిక్ ఆ ఆయిల్‌ను వేళ్ల మధ్య రుద్ది చూసి, ‘ఇది నూనె కాదు, నీళ్లు. రోహిణి కార్తెలో మన ఎండకు ఇంజిన్ పట్టేస్తుంది’ అంటున్నాడు. మాకు రొయ్యల చెరువులున్నాయి. జనరేటర్ల కోసం తెచ్చిన 15డబ్ల్యూ-40 డ్రమ్ము ఇంట్లోనే ఉంది. అది పోయించమంటారా?
– వేదాయపాలెం, నెల్లూరు

పోయించకండి. ఆ డ్రమ్ము జనరేటర్లకే ఉండనివ్వండి.

మీ మెకానిక్‌ను తప్పుపట్టను. వేళ్లతో తాకి ఆయిల్ పని అయిపోయిందో లేదో చెప్పగలవాళ్లను నేనూ చూశాను. కానీ ఆయన రుద్దింది చల్లని ఆయిల్‌ను, అది పనిచేసేది వేడి మీద. మొన్న ఈ రెండు ఆయిళ్లను చిన్న గిన్నెల్లో పోసి పక్కపక్కన పెట్టాను. పొద్దున 0డబ్ల్యూ-16 గరిటె మీద నుంచి నువ్వుల నూనెలా జారింది. 15డబ్ల్యూ-40 ఆముదానికి కాస్త తక్కువగా సాగింది. రెండు గిన్నెలనూ మరిగే నీళ్లలో కాసేపు ఉంచి మళ్లీ ఎత్తితే, ‘చిక్కటి’ ఆయిల్ కూడా గరిటెను వదిలి పరుగెత్తింది. పొద్దున వేళ్లకు తెలిసిన తేడాలో చాలా భాగం ఆ వేడిలో మాయమైంది.

ఇక లెక్కల్లో చెబుతాను. ఆయిల్ పేరులో డబ్ల్యూ ముందున్న అంకె చలిలో అది పారే తీరును, చివరి అంకె వేడి మీద దాని చిక్కదనాన్ని చెప్పే గ్రేడు. ఈ గ్రేడులు నిర్ణయించే ఇంజినీర్ల సంస్థ ఎస్‌ఏఈ ప్రమాణం ప్రకారం 100 డిగ్రీల దగ్గర 16 గ్రేడు చిక్కదనం 6.1 నుంచి 8.2 సెంటీస్టోకుల (చిక్కదనానికి కొలత) మధ్య ఉండాలి. 40 గ్రేడుకైతే 12.5 నుంచి 16.3. అదే 0డబ్ల్యూ-16 ఆయిల్ 40 డిగ్రీల దగ్గర 35 సెంటీస్టోకుల చుట్టుపక్కల ఉంటుంది. అంటే మీ మెకానిక్ ‘నీళ్లు’ అన్నది, ఇంజిన్ కోరుకున్న చిక్కదనానికి దాదాపు 5 రెట్లు! స్టార్ట్ చేసిన మొదటి నిమిషాల్లో ప్రతి ఆయిలూ అవసరానికి మించి చిక్కగానే ఉంటుంది. అరుగుదల ఎక్కువగా జరిగేది కూడా అప్పుడే.

ఇక ఎండ సంగతి. రోహిణి కార్తెలో రోళ్లు పగలవచ్చు గానీ, ఆయిల్ వేడిని ప్రధానంగా నిర్ణయించేది బయటి ఎండ కాదు. థర్మోస్టాట్, రేడియేటర్ కలిసి ఇంజిన్‌ను 90 డిగ్రీల చుట్టుపక్కల పట్టి ఉంచుతాయి. బయట 30 ఉన్నా 44 ఉన్నా అవి చేసే పని అదే. నమ్మకం కుదరకపోతే, డాష్‌బోర్డు కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు (ఇంజిన్ వివరాలు చదివే చోటు) తగిలించే చిన్న బ్లూటూత్ పరికరం కొని, ఫోనులో కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత చూడండి. మే నెల మధ్యాహ్నం కావలి నుంచి ఒంగోలు దాకా ఆ అంకె వైపు చూస్తూ కూర్చున్నాను. రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ ఊగడం తప్ప కదలలేదు.

పైగా మీది హైబ్రిడ్. వీఆర్‌సీ సెంటర్ నుంచి మీ ఇంటికి వచ్చేలోపు మీ ఇంజిన్ ఎన్నిసార్లు ఆగి ఎన్నిసార్లు లేస్తుందో గమనించారా? మామూలు కారు ఇంజిన్ ఒకసారి వేడెక్కితే వేడిగానే ఉంటుంది. మీది మాటిమాటికీ విశ్రాంతి తీసుకుంటుంది, ఆయిల్ పూర్తిగా కాగదు. లేచిన ప్రతిసారీ ఆయిల్ వెంటనే పైకి ఎక్కాలి. అందుకని పలుచటి ఆయిల్ వాడారు. దానికి తగ్గట్టు బేరింగుల సందులు, ఆయిల్ పంపు, పిస్టన్ రింగుల బిగువు అన్నీ ముందే కొలిచి కట్టారు. లోహం లోహాన్ని తాకేచోట ఆయిల్ పొర ఒక్కటే కాపలా కాయదు. మాలిబ్డినం వంటి రసాయనాలు అక్కడ పూతలా పట్టుకుని అడ్డు నిలుస్తాయి. ఈ విద్య వేళ్లకు తెలియదు.

జనరేటర్ ఆయిల్‌తో ఇంకో చిక్కు ఉంది. అది డీజిల్ మసిని మోయడానికి తయారైనది. అందులోని రసాయనాల పాళ్లు పెట్రోలు కారు సైలెన్సర్ దారిలో ఉండే కేటలిటిక్ కన్వర్టర్‌కు పడవు. వారంటీ మిగిలి ఉంటే దాని మీదా నీళ్లు వదులుకోవలసి రావచ్చు.

అయితే కంపెనీలు ఇదంతా ఇంజిన్ మీద ప్రేమతోనే చేశాయని నేను అనను. పలుచటి ఆయిల్ మైలేజీ కోసం వచ్చింది. ఎస్‌ఏఈ జాబితాలోకి 16 గ్రేడు 2013లో, 12, 8 గ్రేడులు 2015లో చేరాయి. మన దేశంలో ఇంధన పొదుపు నిబంధనలు 2017లో మొదలై, 2022లో ఇంకా బిగిశాయి. ఆయిల్ రాపిడిలో మిగిలే కాస్త ఇంధనం కూడా కంపెనీ లెక్కలో కలిసివస్తుంది. 150 డిగ్రీల వేడిలో, తీవ్రమైన ఒత్తిడిలో 16 గ్రేడు చూపవలసిన కనీస చిక్కదనం 2.3 (ఇది సెంటీస్టోకులు కాదు, మిల్లీపాస్కల్-సెకన్లు అనే వేరే కొలత). 20 గ్రేడుకు 2.6, మీ డ్రమ్ములోని దానికి 3.7. ఆ రక్షణ కొంత తగ్గిన మాట నిజమే. టయోటా మాన్యువల్స్ కొన్నింటిలోనే, ఎక్కువ వేగంతో లేదా అధిక భారంతో నడిపేవారికి ఇంకాస్త చిక్కటి ఆయిల్ మేలు కావచ్చన్న వాక్యం కనబడుతుంది. ఏడుగురిని ఎక్కించుకుని తరచూ తిరుమల ఘాట్ ఎక్కేవారైతే మీ మాన్యువల్‌లో ఆ పేజీ వెతకండి. అక్కడ 0డబ్ల్యూ-20కి అనుమతి ఉంటే పోయించుకోండి. ఒక మెట్టు ఎక్కడం వేరు, మేడ ఎక్కి కూర్చోవడం వేరు.

ప్రశ్న: నా హైబ్రిడ్ కారు ఆయిల్ మూత లోపల మీగడలాంటి తెల్లటి పదార్థం పట్టింది. ఇంజిన్‌లోకి నీళ్లు దిగాయా?
– ఒంగోలు

రోజూ నాలుగైదు కిలోమీటర్లే తిప్పుతున్నారా? అయితే చాలావరకు అది చెమ్మే. ఇంజిన్ సరిగా కాగక, ఆవిరి మూత దగ్గర ఆయిల్‌తో కలిసి అలా గడ్డకడుతుంది. వారానికోసారి హైవే మీద అరగంట నడపండి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ కూడా పాలలా కనిపించినా, కూలెంట్ తగ్గుతున్నా కారు కదపకుండా మెకానిక్‌ను పిలవండి. డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగి పెట్రోలు వాసన వస్తే గడువు దాకా ఆగకుండా ఆయిల్ మార్పించండి.

ప్రశ్న: సర్వీసులో మిగిలిన అర లీటరు 0డబ్ల్యూ-16 నా బైకులో పోయవచ్చా?
– కావలి

వద్దు. గేర్ల బైకులో చాలావరకు క్లచ్ కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది. రాపిడి తగ్గించే కారు ఆయిల్ పడితే క్లచ్ జారవచ్చు. బైకు ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ (ఇలా మునిగి ఉండే క్లచ్‌కు తగినదని చెప్పే జపాన్ ప్రమాణం) అన్న గుర్తు ఉండేది అందుకే. మిగిలిన అర లీటరు మూత బిగించి కారు డిక్కీలో పెట్టుకోండి. రాత్రిపూట దారిలో మట్టం తగ్గితే, హైవే పక్క దుకాణంలో 20డబ్ల్యూ-40 దొరికినంత తేలిగ్గా ఈ నంబరు దొరకదు.