ముందు కవర్లు దాచమ్మా

ఉల్సూరు, బెంగళూరు

చి. సౌమ్యకి పెద్దనాన్న ఆశీర్వదించి రాయునది.

మీ అమ్మమ్మవాళ్ళ నాన్నగారు మిలటరీ నుంచి రాసిన ఉత్తరాలు రేకుపెట్టెలో దొరికాయని ఫోన్‌లో చెప్పావు. ఉత్తరాలు సరే, కవర్లు పారెయ్యలేదు కదా? నా టెన్షనంతా అదే. పదేళ్ళప్పుడు స్టాంపుల పిచ్చిలో మా మేనమామ కవర్ల మూలలన్నీ కత్తెరతో కత్తిరించేశాను. స్టాంపుతో పాటు దానిమీది ముద్రా ముక్కలైపోయింది. ఆయన రెండో ప్రపంచ యుద్ధంలో ఎక్కడెక్కడ తిరిగాడో చెప్పేది ఆ ముద్రేనని నాకు యాభై దాటాక గానీ తెలియలేదు.

ఎక్కడున్నాడో ఇంటికి రాయడానికి సైనికుడికి వీల్లేదు. రాస్తే సెన్సారువాళ్ళు కొట్టేసేవారు. ముద్రలో కూడా ఊరిపేరు ఉండదు. ఎఫ్‌.పి.ఓ. అని, పక్కన ఒక నంబరు. ఫీల్డ్ పోస్టాఫీసు అన్నమాట. అది సైన్యంతో పాటే కదిలేది కాబట్టి ఒకే నంబరు ఈ ఏడాది ఒక దేశంలో, పై ఏడాది ఇంకో దేశంలో ఉండొచ్చు. నంబరూ తేదీ కలిపి రాసుకో. ఏ నంబరు ఎప్పుడు ఎక్కడుందో పాత తపాలా ముద్రలు సేకరించేవాళ్ళు జాబితాలు వేశారు, వాళ్ళని పట్టుకో.

ముద్రలో తేదీ అలుక్కుపోతే ఉత్తరం పైన చూడు. మనవాళ్ళు తెలుగు సంవత్సరం వేసే అలవాటున్నవాళ్ళు. 1942 ఉగాదికి చిత్రభాను వచ్చింది, ఆ తర్వాత వరసగా స్వభాను, తారణ, పార్థివ. మా మామయ్య బర్మాలో జపానువాళ్ళతో పోరాడాడని మా అమ్మ పోయేదాకా చెప్పింది. మేమూ నమ్మాం. ఆయన ఉత్తరం ఒకదాని మీద “స్వభాను, మాఘం” అని ఉంది. లోపల, “కాళ్ళ కింద మంచు గడ్డకట్టింది, అన్నం తిని నెలయింది, రాతి ఇళ్ళన్నీ కూలిపోయి ఉన్నాయి” అని. మాఘమంటే 1944 జనవరి, ఫిబ్రవరి. ఇది బర్మా ఎలా అవుతుంది? మామయ్య మద్రాస్ సాపర్స్‌లో, అంటే ఇప్పటి మద్రాస్ ఇంజినీర్ గ్రూపులో ఉండేవాడు. ఆ ఫిబ్రవరిలోనే ఇటలీలో ఆ దళానికే చెందిన సుబేదార్ సుబ్రమణియన్ పేలబోతున్న మందుపాతర మీద పడి, తోటివాళ్ళని కాపాడి చనిపోయాడు. ఆయనకి జార్జ్ క్రాస్ అనే బ్రిటిష్ సాహస పతకం ఇచ్చారు. అది చదివాక ఆ మంచు ఎక్కడిదో నాకు తట్టింది. సెన్సారుకి చిక్కనివి ఇలాంటివే: వాన, చలి, తిండి, పళ్ళు. “ఏముందిలే” అని దాటెయ్యకు.

చేతిరాత ఉత్తరానికో రకంగా ఉంటే కంగారుపడకు. చదువురానివాళ్ళు పక్కవాడిచేత రాయించుకునేవారు.

పంపినవారి చిరునామాలో ఆయన సర్వీసు నంబరు, హోదా, కంపెనీ ఉంటాయి. అన్నిటికన్నా విలువైంది ఆ నంబరు. పేరుతో వెతికితే తల తిరుగుతుంది. ఇంగ్లీషు గుమాస్తా ఇంటిపేరు మింగేసి, ఊరిపేరు తన నోటికొచ్చినట్టు రాసుకుంటాడు. మన చెరువు పక్కనే ఉన్న మద్రాస్ ఇంజినీర్ గ్రూపువాళ్ళకి రాసినా, ఇంకెవరికి రాసినా నంబరు ముందు పెట్టు. నేను ఒక ఆఫీసుకి నంబరు లేకుండా మూడు ఉత్తరాలు రాసి, జవాబు రాలేదని ఏడాది తిట్టుకున్నాను. తప్పు నాదే.

కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు, కానీ అందులో ఉండేది చనిపోయినవాళ్ళ పేర్లే. మీ ముత్తాత ఇంటికొచ్చి పెళ్ళి చేసుకున్నాడుగా, అక్కడ కనిపించడు.

లామినేషన్ చేయించకు, సెల్లోటేపు అంటించకు. రెండు వైపులా ఫోన్‌తో ఫొటో తియ్యి. మసక ముద్రకి టార్చి పక్కనుంచి ఏటవాలుగా వెయ్యి. ఆదివారం ఇటు వచ్చేయ్, నా భూతద్దం ఉంది. పెట్టె పెట్టెలాగే తీసుకురా, వరస మార్చకు.

మీ పెద్దనాన్న