భాష రాకపోయినా గేలిక్ జానపద పాటలు వినొచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు రెండు సంగతులు అడిగారు. కెల్టిక్ సంగీతం అని వెతికితే గంటలకొద్దీ పిల్లనగ్రోవి, వాన చప్పుడు తప్ప మరేమీ దొరకడం లేదన్నది ఒకటి. అర్థం కాని భాషలో పాట వింటే ఏం ఒరుగుతుందన్నది రెండోది. నేను చదువు కోసం స్కాట్లాండ్‌లోని గ్లాస్గో వెళ్లి మూడేళ్లు ఉన్నాను. అక్కడి పాత భాష గేలిక్‌లో ఉన్న ఈ పాటలు నాకు అక్కడే అంటుకున్నాయి, హైదరాబాద్ తిరిగొచ్చాక కూడా వదల్లేదు. అందుకని రెండో ప్రశ్నతో మొదలుపెడతాను.

అక్కడ జనవరిలో సాయంత్రం నాలుగు దాటితే చీకటే. ఆ చీకటి నెలలోనే 1994 నుంచి ఏటా ‘కెల్టిక్ కనెక్షన్స్’ అనే పెద్ద సంగీతోత్సవం జరుగుతుంది. నాతో చదివే అమ్మాయి చెయ్యి పట్టుకుని లాక్కెళ్తే ఒక వర్క్‌షాప్‌లో కూర్చున్నాను. పొడవాటి బల్ల, ఇటు ఆరుగురు, అటు ఆరుగురు. బల్ల మీద తడిపిన మందపాటి ఉన్ని గుడ్డ, రెండు కొసలూ కలిపి కుట్టేసింది. ఎవరి ముందున్న గుడ్డని వాళ్లు రెండు చేతులా పట్టి బల్లకేసి కొట్టాలి, తమ వైపు లాగి మళ్లీ కొట్టాలి, అలా కొడుతూ ఎడమ పక్కవాళ్లకి జరపాలి. గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి, ఎదురు తిప్పితే మంచిది కాదని వాళ్ల పాత నమ్మకం.

నేర్పించే ఆవిడ ఒక చరణం అంటారు, మేమంతా వంత అందుకుంటాం. ఆ వంతలో మాటలకి అర్థం లేదు. ‘హో రో’, ‘హీ రీ’ అంతే. బుర్రకథలో ‘తందాన తాన’ ఎలాగో అలాగే. అర్థమే లేని చోట ఆ భాష పుట్టుకతో వచ్చినవాళ్లూ నేనూ ఒకటే అయిపోయాం. మొదట్లో నా దెబ్బ ఒకసారి ముందు, ఒకసారి వెనక. రెండో పాటకి వచ్చేసరికి చేతుల సంగతే మరిచిపోయాను. పన్నెండు జతల చేతులు ఒక్కసారి బల్ల మీద పడితే ఆ అదురు మోచేతుల్లోంచి భుజాల దాకా ఎక్కుతుంది. ఆ పాటలకి వేరే తాళం అక్కర్లేదు.

వీటిని వాల్కింగ్ పాటలంటారు, అంటే నడక కాదు, బట్టని బాది చిక్కబరచడం. స్కాట్లాండ్ పడమటి దీవుల్లో మగ్గం మీంచి దించిన ఉన్ని బట్ట వదులుగా ఉంటుంది. ఈదురుగాలికి ఆగాలంటే అది కుంచించుకుని చిక్కబడాలి. అందుకని ఆడవాళ్లంతా చేరి, నిలవబెట్టిన మూత్రంలో నానబెట్టి మరీ, గంటల తరబడి ఇలా బాదేవారు. 20వ శతాబ్దం మధ్యకొచ్చేసరికి ఆ పని దాదాపు పోయింది, పాటలు మాత్రం నిలబడ్డాయి. ఆ రాత్రి ఫోన్లో రికార్డు చేసినది అమ్మకి పంపాను. విని, “ఎవరే వీళ్లు, నాట్లేస్తున్నారా?” అంది. అమ్మకి నేనేమీ వివరించాల్సిన పని లేకపోయింది.

ఇక మొదటి ప్రశ్న. ‘కెల్టిక్’ అన్నది ఒక భాష పేరు కాదు, ఒక భాషా కుటుంబం పేరు. అందులో ఐరిష్ ఉంది, స్కాట్లాండ్ గేలిక్ ఉంది (అక్కడివాళ్లు ‘గాలిక్’ అంటారు), వెల్ష్, బ్రెటన్ కూడా ఉన్నాయి. మీకు దొరుకుతున్న వాన చప్పుళ్లు ఈ కుటుంబంలో ఎవరి ఇంటివీ కావు. కాబట్టి ఆ మాటతో వెతకడం మానేయండి, పాడేవాళ్ల పేర్లతో వెతకండి.

నేనైతే కాపర్‌కేలీ బృందంతో మొదలుపెట్టమంటాను. 1984లో ఓబన్ అనే రేవు ఊళ్లో పుట్టిన బృందం, పాడేది కేరన్ మాథసన్. వాళ్ల ‘కొషిఖ్ ఆ రూన్’ 1992లో బ్రిటన్ టాప్ 40లోకి, అంటే అక్కడ బాగా అమ్ముడుపోయే పాటల పట్టికలోకి వెళ్లింది. స్కాట్లాండ్ గేలిక్ పాట ఒకటి అంత దూరం వెళ్లడం అదే మొదలు. అది కూడా పైన చెప్పిన బట్టలు బాదే పాటే, దాదాపు 400 ఏళ్ల నాటిదంటారు. ఆ పేరుకి ‘నడిచి రా, నా ప్రియా’ అని అర్థం. కేరన్ గొంతులో ఊపిరి వినిపిస్తుంది, ఎక్కడా అరుపు ఉండదు. వెనక డ్రమ్స్ ఉన్నా మనసు మాత్రం ఆ వంత మీదే ఉంటుంది.

తర్వాత జూలీ ఫౌలిస్. ఆ పడమటి దీవుల్లోనే నార్త్ యుయిస్ట్ అమ్మాయి. 2012లో వచ్చిన పిక్సార్ సినిమా ‘బ్రేవ్’లో రెండు పాటలు ఇంగ్లీషులో పాడింది ఈవిడే, గొంతు గుర్తుపడతారేమో. కానీ అసలు ఆవిడని గేలిక్‌లోనే వినాలి, ముఖ్యంగా ‘పుర్ష్ట్ ఆ బియల్’ పాడేటప్పుడు. వాయిద్యం లేని చోట నృత్యానికి నోటితోనే బాణీ కట్టే పద్ధతి అది. మాటలు తూటాల్లా వస్తాయి, నాలుక ఎక్కడా తడబడదు. నట్టువాంగంలో జతులు చెప్పేవాళ్లని దగ్గరగా చూసినవాళ్లకి ఆ కష్టమేమిటో ఇట్టే తెలుస్తుంది.

ఐర్లాండ్ దారి వేరు. అక్కడ ‘షాన్ నోస్’ అని ఒక పాత బాణీ ఉంది, తోడు వాయిద్యమే ఉండదు, ఒంటరి గొంతు. కనెమారా వైపు వెళ్లినప్పుడు ఒక చిన్న పబ్బులో చూశాను. ఒక పెద్దాయన కళ్లు మూసుకుని మొదలుపెట్టగానే గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. పక్కనున్నాయన ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుని, పాట పొడుగునా నెమ్మదిగా గుండ్రంగా తిప్పుతూనే ఉన్నాడు, రాట్నం తిప్పినట్టు. గమకం బాగా పడిన చోట ఎవరో “మా హూ” అన్నారు, అంటే భేష్ అని. పాడేవాడిని ఒంటరిగా వదలకపోవడం అన్నది నాకు ఎంతో నచ్చింది. ఆ బాణీని ఇప్పటి చెవికి దగ్గరగా వినాలంటే ‘ద గ్లోమింగ్’ బృందం 2014లో తెచ్చిన మొదటి ఆల్బమ్ వినండి. ఇయర్లా ఓ లినార్డ్ గొంతు, మార్టిన్ హేస్ ఫిడేలు, మధ్యలో పియానో.

ఒక్క పేరు మాత్రం కాస్త ఆగి చెప్పాలి. స్కాట్లాండ్ సంగీతకారుడు మార్టిన్ బెనెట్. బ్యాగ్‌పైపులు, ఫిడేలు రెండూ అద్భుతంగా వాయించేవాడు. క్యాన్సర్ వచ్చి వాయించే సత్తువ పోయాక, పాత గాయకుల రికార్డింగులు తీసుకుని వాటి చుట్టూ ఎలక్ట్రానిక్ సంగీతం కట్టాడు. సంచార కుటుంబాల వాళ్లు, దీవుల వాళ్లు పాడినవి అవి. ఆ ఆల్బమ్ 2003లో ‘గ్రిట్’ పేరుతో వచ్చింది. 2005లో 33 ఏళ్లకే పోయాడు. ఆ ముసలి గొంతుల్ని ఎక్కడా నునుపు చెయ్యలేదు, గరగరా అలాగే ఉంచి కింద భూమి అదిరేలా దరువు పెట్టాడు. పాత పాటని ఆధునికం చెయ్యడమంటే నాకు ఆ ఆల్బమే కొలత.

ఇదంతా మ్యూజియం సరుకు అనుకోకండి. స్కాట్లాండ్ 2022 జనాభా లెక్కల్లో గేలిక్ మాట్లాడతామన్నవాళ్లు సుమారు 70 వేలు, 54 లక్షల మంది ఉన్న దేశంలో. అంత చిన్న భాషలో ఇన్ని కొత్త బృందాలు ఎలా వస్తున్నాయంటే పెద్ద కారణం ‘ఫేష్’లు. 1981లో బారా దీవిలో మొదలయ్యాయి. పిల్లలకి ఊళ్లోనే పాట, ఫిడేలు, భాష కలిపి నేర్పుతారు. ఆ పిల్లలు చాలామంది ఇప్పుడు వేదికల మీద ఉన్నారు.

పాట నచ్చాక సాహిత్యం వెతుక్కోండి, ఇంగ్లీషు అర్థంతో సహా చాలావాటికి దొరుకుతుంది. అక్షరాలు చూసి భయపడొద్దు. గేలిక్‌లో బీ పక్కన హెచ్ ఉంటే ‘వ’, ఎమ్ పక్కన హెచ్ ఉన్నా చాలాచోట్ల ‘వ’నే. ఈ ఒక్కటి తెలిసినా వంత అందుకోవచ్చు. ముందు ఆ ‘కొషిఖ్ ఆ రూన్’ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండుసార్లు వినండి. మీకు పట్టింది గొంతో, దరువో ఇక్కడ రాయండి, దాన్నిబట్టి తర్వాత ఏది వినాలో చెబుతాను.