మూడు నెలలకోసారి లెక్క చూసుకోండి

ప్రశ్న: మాది కావలి. నాకు 23 ఏళ్లు. బీకాం అయి రెండేళ్లయింది. గ్రూప్-2, బ్యాంక్ పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్), క్లర్క్ మూడింటికీ ఇంట్లోనే ఉండి చదువుతున్నాను. ప్రతి జనవరి ఒకటిన డైరీలో లక్ష్యాలు రాసుకుంటాను. ఉగాదికల్లా ఆ డైరీ ఎక్కడుందో కూడా గుర్తుండదు. పోయినసారి రొట్టెల పండుగలో అమ్మ నా కోసం ఉద్యోగం రొట్టె పట్టుకుంది. నాన్న రోజూ ‘ఏమైందమ్మా’ అని అడుగుతుంటే టెన్షన్‌గా ఉంటోంది. మూడు నెలలకోసారి లక్ష్యాలు పెట్టుకోమని స్నేహితురాలు చెబుతోంది. దానివల్ల నిజంగా ఉపయోగం ఉంటుందా?

జవాబు: ఉంటుందమ్మా. అయితే రాసుకున్నంత మాత్రాన రాదు. మూడు నెలలయ్యాక ఆ కాగితం ముందేసుకుని మళ్ళీ కూర్చుంటేనే వస్తుంది. రాయడం మీరు ఎలాగూ రాస్తూనే ఉన్నారు, ఆగిపోయింది ఆ రెండో పని.

రొట్టెల పండుగ జరిగే నెల్లూరు స్వర్ణాల చెరువులో రొట్టె పట్టుకున్నవాళ్లు, కోరిక తీరితే మరుసటి ఏడు వచ్చి అదే రొట్టె ఇంకొకరికి ఇస్తారు. మొక్కుకు ఏడాది గడువు బాగానే ఉంటుంది, చదువుకు మాత్రం చాలా ఎక్కువ. మార్చిలో రీజనింగ్ ఎందుకు వదిలేశారో డిసెంబరులో అడిగితే మీకే గుర్తుండదు. అలాగని వారం వారం లెక్క చూసుకున్నా కష్టమే. ఒక్క మాక్ టెస్టులో మార్కులు తగ్గితే ఆ వారమంతా దిగులు. మూడు నెలలైతే మార్పు మార్కుల్లో కనిపిస్తుంది, కారణాలు కూడా ఇంకా గుర్తుంటాయి.

ముందుగా ఒక మాట. ‘ఈ మూడు నెలల్లో ఉద్యోగం తెచ్చుకోవాలి’ అని రాయకండి. అది మీ చేతిలో లేదు. 2023 డిసెంబరులో వచ్చిన గ్రూప్-2 నోటిఫికేషన్‌నే చూడండి. ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న అయింది. మెయిన్స్ వాయిదాల మీద వాయిదాలు పడి 2025 ఫిబ్రవరి 23న జరిగింది. ఇంచుమించు ఏడాది! ఆ మధ్యలో ‘సెలెక్ట్ కావాలి’ అన్న లక్ష్యాన్ని పట్టుకుని కూర్చున్నవాళ్లకు ప్రతి వాయిదా ఒక ఓటమిలా అనిపించింది. ‘జూన్ లోపు రాజ్యాంగం రెండుసార్లు చదవాలి, పాత ప్రశ్నపత్రాలు చేయాలి’ అని రాసుకుంటే ఎవరు ఏది వాయిదా వేసినా మీ లెక్క మీకుంటుంది.

ఇక బ్యాంకు పరీక్ష. ప్రిలిమ్స్‌లో 100 ప్రశ్నలు, గంట సమయం, తప్పు జవాబుకు పావు మార్కు కోత. మీలాగా సొంతంగా చదివేవాళ్లు మాక్ అయ్యాక మొత్తం మార్కులు చూసి పక్కన పడేస్తారు. ఎన్ని ప్రశ్నలకు జవాబు పెట్టారు, ఎన్ని ఒప్పు, ఎన్ని తప్పు అన్నది కూడా రాసిపెట్టుకోండి. 70 పెట్టి 45 ఒప్పయితే 25 తప్పులకు 6.25 పోయి 38.75 మిగులుతాయి. 55 మాత్రమే పెట్టి 44 ఒప్పయితే 11 తప్పులకు 2.75 పోయి 41.25 వస్తాయి. ఒప్పు జవాబు ఒకటి తగ్గినా మార్కులు పెరిగాయి. ఒక్క మాక్‌లో ఇది యాదృచ్ఛికం కావచ్చు. మూడు నెలల మాక్‌లు వరసగా ఒకే పేజీలో కనిపిస్తే, మీరు తెలియక తప్పు చేస్తున్నారా, తొందరపడి గుడ్డిగా పెడుతున్నారా అన్నది తేలిపోతుంది. ఆ రెంటికీ మందు వేరు కదా.

ఇలా కూర్చున్నప్పుడు మరో పని కూడా జరగాలి. ఏదో ఒకటి తగ్గించాలి. మూడు పరీక్షలు ఒకేసారి మోయడం మీ విషయంలో నాకు సబబుగా అనిపించడం లేదు. వయసు లెక్క చూడండి. బ్యాంకు క్లర్క్‌కు 28, పీఓకు 30 ఏళ్లు గరిష్ఠ వయసు (బీసీలకు మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు అయిదేళ్లు సడలింపు). ఆ 2023 గ్రూప్-2లో జనరల్‌కే 42 వరకు ఇచ్చారు. పైగా బ్యాంకు పరీక్షలు ఏటా క్యాలెండర్ ప్రకారం వస్తాయి. కాబట్టి వచ్చే రెండు త్రైమాసికాలు బ్యాంకుకే ఇవ్వండి. పీఓ, క్లర్క్ ప్రిలిమ్స్‌కు చదివేది దాదాపు ఒకటే. గ్రూప్-2 కోసం రోజూ న్యూస్‌పేపర్ చదవడం ఒక్కటి ఉంచుకోండి, చాలు. అయితే ప్రతి మూడు నెలలకూ పరీక్షనే మార్చేయకండి. మార్చాల్సింది చదివే పద్ధతిని. పరీక్షను మార్చాలా వద్దా అన్నది ఏడాదికోసారి ఆలోచిస్తే సరిపోతుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి వాయుగుండాల కాలం. కరెంటు, నెట్ పోయే రోజులుంటాయి. ఆ మూడు నెలలకు ఆన్‌లైన్ మాక్‌లు కొంచెం తక్కువే రాసుకోండి.

నాన్నగారి సంగతి. రోజూ అడుగుతున్నారంటే ఆయనకు కనిపించేది ఏమీ లేదన్నమాట. ఆ మార్కుల పేజీ ఆయనకు చూపించండి, ఆ 6.25 కోత లెక్కతో సహా. తర్వాత కూర్చునే తేదీ ముందే చెప్పి, క్యాలెండర్ మీద ఆయన చేతే గుర్తు పెట్టించండి. ఆ రోజు ఆయన ఎన్ని ప్రశ్నలైనా అడగొచ్చు, మీరు విసుక్కోకుండా చెప్పాలి. అప్పటిదాకా ఇంట్లో ‘ఏమైందమ్మా’ వద్దని ఒప్పించుకోండి.