పోస్టర్ తర్వాత వేద్దురుగాని, ముందు టైములు రాసిపెట్టండి

అమ్మలూ,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. మీతో పనిచేసే అబ్బాయిని మఫ్టీలో వచ్చి తీసుకెళ్లారు, మర్నాడు రిమాండ్ అన్నారు, ఉపా (యూఏపీఏ, చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం) పెట్టారు, మీరంతా కలిసి విడుదల కమిటీ వేస్తున్నారు, పోస్టర్ కూడా రెడీ, హ్యాష్‌ట్యాగ్ ఏం పెడదాం పెద్దమ్మా అని అడిగావు. హ్యాష్‌ట్యాగులు నాకేం తెలుసే, అవి మీ పిల్లల సబ్జెక్టు. నాకు తెలిసినవి కోర్టు వరండాలూ జైలు గేట్లూ పౌరహక్కుల మీటింగులూ. ఇన్నేళ్లు అక్కడ తిరిగి చూసిందేంటంటే ఇలాంటి కేసుల్లో మనిషి బయటికొచ్చేది చాలాసార్లు ఏదో ఒక టైము తేడా వల్లో, ఒక కాగితం ఇవ్వకపోవడం వల్లో. మంచివాడు కాబట్టి వదిలెయ్యండి అంటే ఏ జడ్జీ వదలడు.

ఊరికే అనట్లేదు. 2018 ఆగస్టులో పుణె పోలీసులు ఢిల్లీ వచ్చి హక్కుల కార్యకర్త గౌతమ్ నవ్‌లఖాని అరెస్ట్ చేశారు కదా, కేసు కాగితాలేమో మరాఠీలో ఉన్నాయి, మరి ఢిల్లీ మేజిస్ట్రేట్ ఏం చదివి ట్రాన్సిట్ రిమాండ్ (వేరే రాష్ట్రానికి తీసుకెళ్లే అనుమతి) ఇచ్చాడన్న దగ్గర పట్టుకుని అక్కడి హైకోర్టు ఆ రిమాండే కొట్టేసింది. న్యూస్‌క్లిక్ ఎడిటర్ ప్రబీర్ పుర్కాయస్థ కేసు ఇంకా చూడు. 2023 అక్టోబర్ 3న అరెస్టు, మర్నాడు తెల్లారగట్లే జడ్జి ముందు పెట్టారు, రిమాండ్ ఆర్డర్ మీద పొద్దున 6 గంటలు అని ఉంది, ఆయన లాయర్‌కి వాట్సాప్‌లో రిమాండ్ అప్లికేషన్ వచ్చింది 7 దాటాక. ఎందుకు అరెస్ట్ చేశారో కారణాలు రాతలో ఇవ్వలేదు. 2024 మే 15న సుప్రీంకోర్టు అరెస్టే చెల్లదంది. ఆ టైములు ఎవరో ఒకరు పట్టుకుని ఉంచబట్టే కదా.

అందుకని ఇవాళ చెయ్యాల్సిన పని ఇది. ఆ అబ్బాయి భార్యని కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, జరిగింది మొత్తం ఆమె మాటల్లోనే రాయించు. ఎన్నింటికి తలుపు కొట్టారు, ఎంతమంది, యూనిఫాంలో ఎవరైనా ఉన్నారా, బండి నంబరు, ఎక్కడికి తీసుకెళ్తున్నామన్నారు, ఏ కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, ఆమెకి చదవడానికి ఇచ్చారా లేదా. పక్కింటివాళ్లు చూశారా. ఆ టైములో ఎవరికి ఫోన్ చేసింది, ఆ కాల్ లాగ్ స్క్రీన్‌షాట్ తియ్యి. ఆమె గుర్తులేదంటే గుర్తులేదనే రాయి, నువ్వు సర్ది అందంగా రాయకు, రేపు క్రాస్‌లో ఆ అందమే మీ పీక మీదకి వస్తుంది. కింద తేదీ, సంతకం. నాలుగు రోజులు పోతే ఎవరికీ ఏదీ సరిగ్గా గుర్తుండదు, పైగా బంధువులు తలో మాట చెప్పి కలిపేస్తారు.

24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలన్నది రాజ్యాంగం 22వ ఆర్టికల్‌లోనే ఉంది, నీకు తెలుసు. పోలీసులు ఆ లెక్క స్టేషన్ రికార్డులో అరెస్ట్ చూపించిన టైము నించి మొదలెడతారు, ఇంట్లోంచి తీసుకెళ్లిన టైము నించి కాదు. రాత్రి తీసుకెళ్లి మర్నాడు సాయంత్రం ఫలానా అడ్డరోడ్డు దగ్గర అనుమానాస్పదంగా తిరుగుతుంటే పట్టుకున్నాం అని రాస్తారు, మధ్యవర్తుల రిపోర్టు మీద ఏ వీఆర్వోతోనో సంతకం పెట్టిస్తారు. ఈ తేడాని చూపించేది ఆమె కాల్ లాగ్, పక్కింటావిడ మాట, ఇంకోటి సీసీటీవీ. పోలీస్ స్టేషన్లలో కెమెరాలు పెట్టాలి, ఫుటేజీ ఉంచాలి అని 2020 డిసెంబర్‌లోనే సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి ఆ ఫుటేజీ చెరిపెయ్యకుండా భద్రం చెయ్యమని మీ లాయర్‌తో కోర్టులో రేపే పిటిషన్ వేయించు. తర్వాత అడిగితే కెమెరా రిపేర్‌లో ఉంది అంటారు, ఈ దేశంలో కెమెరాలన్నీ సరిగ్గా ఆ రోజే రిపేరుకి వస్తాయి.

హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందు పెట్టమనే పిటిషన్) వేద్దామా అన్నావు. మనిషి ఎక్కడున్నాడో పోలీసులు చెప్పనప్పుడు హైకోర్టులో అది వెయ్యాలి, రాత్రికి రాత్రే వెయ్యాలి. ఒకసారి మేజిస్ట్రేట్ రిమాండ్ ఇచ్చేశాక దాంతో మామూలుగా పెద్ద పనవ్వదు. ఇప్పుడు మీకు కావాల్సినవి ఎఫ్ఐఆర్, రిమాండ్ రిపోర్టు, అరెస్ట్ మెమో, అరెస్ట్ కారణాలు రాసిచ్చిన కాగితం, వీటి కాపీలు. ఉపా కేసుల్లో ఎఫ్ఐఆర్ వెబ్‌సైట్లో కనపడకపోవచ్చు, కోర్టులో కాపీ అప్లికేషన్ పెట్టించండి. కారణాలు రాతలో ఇవ్వకపోయినా, ఆ అబ్బాయికి రాని భాషలో ఇచ్చినా అది లాయర్ చేతికి మంచి పాయింటు. కొట్టి ఉంటే తర్వాత వాయిదాలో మేజిస్ట్రేట్‌కి తనే నోరు తెరిచి చెప్పాలి, అది రికార్డులోకి రావాలి, ములాఖత్‌లో మీ లాయర్ ఈ మాట తప్పకుండా చెప్పాలి.

ఇక్కడ జాగ్రత్తగా చదువు, అందరూ తప్పేది ఇక్కడే. మామూలు కేసులో 60 రోజులకో 90 రోజులకో చార్జిషీటు వెయ్యకపోతే డిఫాల్ట్ బెయిల్ హక్కు. ఉపాలో కోర్టు పర్మిషన్‌తో దాన్ని 180 దాకా లాగొచ్చు. కానీ హక్కు వచ్చిన రోజున అప్లికేషన్ పెట్టుకోవాలి, మీరు పెట్టేలోపు వాళ్లు చార్జిషీటు వేసేస్తే ఆ హక్కు పోయినట్టే. నవ్‌లఖాని పట్టుకున్న ఆ పుణె కేసే భీమా కోరేగావ్ కేసు. అందులో 2021 డిసెంబర్ 1న బొంబాయి హైకోర్టు సుధా భరద్వాజ్ అనే లాయరమ్మకి డిఫాల్ట్ బెయిల్ ఇచ్చింది, గడువు పొడిగించిన కోర్టుకి ఆ అధికారమే లేదని. అదే ఆర్డర్‌లో మిగతా 8 మందికి ఇవ్వలేదు, వాళ్లలో మన వరవరరావు గారు కూడా ఉన్నారు. కారణం, వాళ్లు డిఫాల్ట్ బెయిల్ అప్లికేషన్ టైముకి పెట్టలేదని. అదే కేసు అవే సెక్షన్లు, ఒక్కావిడకి బెయిల్, 8 మందికి లేదు. కాబట్టి రిమాండ్ మొదటి రోజు నించి లెక్కపెట్టి 60, 90, 180 మూడు తేదీలూ గోడ క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో రాయి, ఒక్కో తేదీకి వారం ముందు లాయర్‌కి గుర్తు చెయ్యి. లాయర్లకి వంద కేసులుంటాయి తల్లీ, మీకు ఒక్కటే.

ఫోన్లూ ల్యాప్‌టాప్ పట్టుకెళ్లారన్నావు. సోదా వీడియో తియ్యాలని సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త బీఎన్ఎస్ఎస్‌లో ఉంది, ఆ వీడియో అడగండి. హ్యాష్ వాల్యూ (ఫైళ్లు తర్వాత మార్చారో లేదో తేల్చే నంబరు) రాసిచ్చారా, సీల్ వేశారా, ఎన్నింటికి. ఎందుకంటే ఆ భీమా కోరేగావ్ కేసులోనే ముద్దాయి రోనా విల్సన్ ల్యాప్‌టాప్‌ని అమెరికాలోని ఆర్సెనల్ కన్సల్టింగ్ వాళ్లు పరీక్ష చేసి, మాల్‌వేర్ పంపించి అందులో ఫైళ్లు పెట్టారని 2021లో రిపోర్టు ఇచ్చారు. మీ మిగతావాళ్లు కూడా భయపడి ఫోన్లలో చాట్లు చెరిపేసుకోవద్దు, సాక్ష్యాలు మాయం చేశారని ఇంకో సెక్షన్ తగిలిస్తారు.

ఇంక ఆరోగ్యం. ప్రొఫెసర్ సాయిబాబా గారి సంగతి మన కోనసీమ వాళ్లకి వేరే చెప్పాలా, అమలాపురం ప్రాంతంలో పుట్టి ఢిల్లీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకున్నాయన, 90 శాతం వైకల్యం, వీల్‌చెయిర్. మావోయిస్టులతో సంబంధాలున్నాయని 2014 మేలో అరెస్టు. 2017లో యావజ్జీవం. 2022 అక్టోబర్ 14న బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచ్ విడుదల చెయ్యమంటే మర్నాడే శనివారం సుప్రీంకోర్టు ప్రత్యేకంగా కూర్చుని ఆ తీర్పు ఆపింది. మళ్లీ 2024 మార్చిలో రెండోసారి నిర్దోషి అని తేలింది, ఆ అక్టోబర్ 12న హైదరాబాద్ నిమ్స్‌లో చనిపోయారు. ఆ విడుదల తర్వాత బయట గాలి పీల్చింది ఏడు నెలలు. తల్లి పోతే చూడ్డానికి కూడా పంపలేదు. భీమా కోరేగావ్ కేసులోనే పట్టుకున్న ఫాదర్ స్టాన్ స్వామి గారికి 83 ఏళ్లు, పార్కిన్సన్స్, గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికి నీళ్లు ఒలికిపోయేవి, ఒక స్ట్రా, సిప్పర్ కప్పు కోసం కోర్టులో అప్లికేషన్ పెట్టుకోవాల్సి వచ్చింది. 2021 జులై 5న కస్టడీలోనే పోయారు. నవ్‌లఖా కళ్లజోడు పోతే ఇంటివాళ్లు పోస్టులో పంపింది ముంబై దగ్గరి తలోజా జైలు వాళ్లు తీసుకోలేదు.

అందుకని మీవాడి పాత ప్రిస్క్రిప్షన్లు, షుగర్ బీపీ రిపోర్టులు, కళ్లజోడు పవర్ ఉన్న చీటీ అన్నీ ఒక ఫైల్లో పెట్టి లాయర్ ద్వారా కోర్టుకి ఇప్పించండి, మందులు, ఒక జత అద్దాలు ఎక్స్‌ట్రా లోపలికి పంపడానికి ఆర్డర్ తెచ్చుకోండి. జైలు సూపరింటెండెంట్‌కి ఏది అడిగినా రాతలో అడగండి, డూప్లికేట్ మీద స్టాంపు వేయించుకోండి. గేటు దగ్గర గార్డుతో గొడవ మాత్రం వద్దు, ములాఖత్ పోతుంది.

మానవహక్కుల కమిషన్‌కి ఫిర్యాదు తెలుగులోనే రాయొచ్చు, ఫీజు లేదు. కాకపోతే రాష్ట్ర కమిషన్‌కీ ఢిల్లీకీ రెండింటికీ ఒకేసారి కొట్టకండి, రాష్ట్రం వాళ్లు ముందు తీసుకుంటే ఢిల్లీ వాళ్లు పక్కన పెట్టేస్తారు. ఐక్యరాజ్యసమితిలో అక్రమ నిర్బంధాల మీద ఐదుగురు నిపుణుల వర్కింగ్ గ్రూపు ఒకటుంది, 1991 నించి ఉంది, అక్కడికి వెళ్లడానికి ఇక్కడ సుప్రీంకోర్టు దాకా అయిపోవాలని రూల్ లేదు. ప్రభుత్వానికి 60 రోజులు టైమిస్తారు, తర్వాత అభిప్రాయం చెప్తారు. స్టాన్ స్వామి గారి నిర్బంధం అక్రమమని వాళ్లు చెప్పేసరికి ఆయన లేరు. దాంతో ఇక్కడి జైలు తలుపు తెరుచుకోదు, అయినా పంపండి, పైవాళ్లు చూస్తున్నారని తెలిస్తే లోపల ట్రీట్‌మెంట్ కొంచెం మారడం నేను చూశాను. అతని అనుమతి మాత్రం తీసుకోండి, అతనికి తెలీకుండా అతని పేరు మీద ఏదీ వద్దు.

ఇప్పుడు నీ పోస్టర్. బాగుంది, కానీ అందులో ఆదివాసీల ఆశాజ్యోతి, విప్లవ కెరటం ఇవన్నీ తీసెయ్యి. పోడు పట్టాల కోసం అర్జీలు రాసిపెట్టే మనిషి అని రాయి, ఎన్నో ఏళ్లుగా ఫలానా మండలంలో ఏం చేశాడో రాయి. అరెస్టు తేదీ, సెక్షన్లు, ఏం ఇవ్వలేదు, ఏం అడుగుతున్నాం, అంతే. ఆ రాత్రి ఎవరు చూశారో, ఎవరు సాక్ష్యం చెప్తారో ఫేస్‌బుక్‌లో పెట్టకండి, ఆ పల్లెటూరివాళ్ల ఇంటికి మర్నాడే జీపు వెళ్తుంది. హక్కుల లాయర్ బాలగోపాల్ గారు నిజనిర్ధారణకి వెళ్తే ఊళ్లో అవతలివాళ్లని కూడా అడిగి, మన పక్షానికి నచ్చని మాట ఉన్నా రిపోర్టులో రాసేవారు, అందుకే ఆయన రిపోర్టుని కొట్టిపారెయ్యడం ఎవరివల్లా అయ్యేది కాదు. సంతకాలు పెట్టేవాళ్లకి కూడా ముందే చెప్పండి. ములుగు జిల్లా తాడ్వాయి స్టేషన్లో కట్టిన ఉపా ఎఫ్ఐఆర్‌లో 152 పేర్లు పెట్టారు, 2022 ఆగస్టులో కట్టిన కేసు 2023 జూన్ దాకా బయటికే రాలేదు, ప్రొఫెసర్ హరగోపాల్ గారి పేరుంది, 2020లోనే చనిపోయిన బొంబాయి హైకోర్టు మాజీ జడ్జి పేరు కూడా ఉంది. చచ్చినవాళ్లనే వదల్లేదంటే బతికున్నవాళ్లు తెలిసే సంతకం పెట్టాలి కదా.

బెయిల్ వచ్చిందని స్వీట్లు పంచేలోపు ఇంకేం కేసులున్నాయో కనుక్కోండి, పీటీ వారెంట్ (ఇంకో కేసులో కోర్టుకి తెమ్మనే వారెంట్) వేసి గేటు దగ్గరే మళ్లీ పట్టుకుంటారు. షరతులు కూడా చూసుకోండి, వరవరరావు గారు బెయిల్ మీద బయటికొచ్చినా ముంబైలోనే ఉండాల్సి వచ్చింది, హైదరాబాద్ ఇల్లు ఆయనకి పర్మిషన్ మీద మాట. ఆలస్యమైతే ఏ వాయిదా ఎవరు అడిగారు, ఎన్ని రోజులు పోయాయి, ఇంకా ఎంతమంది సాక్షులున్నారు అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాస్తూ ఉండండి, విచారణ తెమలకుండా ఏళ్ల తరబడి లోపల పెడితే ఉపా అయినా బెయిల్ ఇవ్వొచ్చని 2021 నజీబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ వాదనకి ఈ లెక్కే ఆధారం.

చందాల్లో సగం ఇంటికి. పిల్లాడి ఫీజు, రెంటు, ములాఖత్‌కి బస్సు చార్జీలు, ఇవి నెలనెలా ఎవరు కడతారో పేర్లతో సహా తేల్చుకోండి. మొదటి నెల అందరూ వస్తారే, ఏడాదయ్యాక అతని భార్య ఒక్కతే జైలు గేటు దగ్గర క్యూలో నిలబడుతుంది. కనీసం ఇద్దరు వంతులేసుకుని ఆమెతో వెళ్లండి.

ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యి, మీ లాయర్‌ని కూడా లైన్లోకి తీసుకో. ఈలోపు రిమాండ్ రిపోర్టు మళ్లీ ఫోటో తీసి పంపు, నువ్వు పంపినదాంట్లో రెండో పేజీ మీద నీ చెయ్యి నీడ పడి అరెస్ట్ టైము దగ్గరే కనపడట్లేదు.

మీ పెద్దమ్మ